పొగ, వణుకు, మెట్ల లెక్క

నా చొక్కాల మీద చిల్లులు లెక్కపెట్టింది మా ఆవిడ. ఇస్త్రీ చేస్తూ ఒక్కొక్క చొక్కా వెలుతురుకేసి పట్టుకుని చూసింది. ఏడు చొక్కాలకి పదకొండు చిల్లులు. అన్నీ కుడివైపే, పొట్ట దగ్గర, ఆవగింజంత. "ముప్పై ఏళ్ల నుంచి తాగుతున్నారు, ఒక్క చొక్కా కాల్చుకోలేదు. ఇప్పుడేం వచ్చింది?" అంది. సిగరెట్లు ఈమధ్య నాసిరకంగా వస్తున్నాయి, నిప్పు నిలవడం లేదు అన్నాను. అబద్ధమాడాలని కాదు, నిజంగానే అలా అనుకున్నాను.

నిలవనిది నిప్పు కాదు, వేళ్లు. ఆ సంగతి తెలియడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది.

నేను ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. కంప్యూటర్లు రాకముందు ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో పని నేర్చుకున్నవాణ్ణి. ఇరవై రెండో ఏట మొదలైన సిగరెట్టు నాకు సెట్‌స్క్వేరులాగే ఒక పనిముట్టు అయిపోయింది. రోజుకి పదిహేను. గీతలో చిక్కు వస్తే పెన్ను పక్కన పెట్టి, ఒకటి వెలిగించి, బోర్డుకేసి చూస్తూ నిలబడేవాణ్ణి. చిక్కు విడిపోయేది. విడగొట్టింది సిగరెట్టా, కదలకుండా నిలబడి చూసిన ఆ ఐదు నిమిషాలా అని ఎప్పుడూ ఆలోచించలేదు.

యాభై ఆరో ఏట నా చేతిరాత చిన్నదైపోయింది. ప్లాను మీద చేత్తో రాసే నోట్సు వరస మొదట్లో మామూలుగా ఉండేది, చివరికొచ్చేసరికి చీమల బారు. "సార్, ఇది మూడా, ఎనిమిదా?" అని సైటు నుంచి ఫోన్లు. కళ్లద్దాలు మార్చాను. కొత్త పెన్ను కొన్నాను. చివరికి మా అమ్మాయి బలవంతం మీద న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను.

ఆయన పెద్ద పరికరాలేమీ బయటికి తీయలేదు. బొటనవేలూ చూపుడువేలూ తాకిస్తూ తెరుస్తూ ఉండమన్నాడు. వేగంగా, వీలైనంత వెడల్పుగా. ఎడమచెయ్యి బాగానే ఆడింది. కుడిచెయ్యి ఐదారు సార్లు బాగా తెరుచుకుని, తర్వాత నూనె అయిపోయిన దీపంలా తగ్గిపోతూ వచ్చింది. చూస్తే తప్ప నాకు తెలియలేదు. నడవమంటే నడిచాను, కుడిచెయ్యి ఊగడం లేదన్నాడు. "వాసనలు తెలుస్తున్నాయా?" అని అడిగితే, సిగరెట్లు తాగేవాడి ముక్కుకి వాసనలేంటండీ అని నవ్వాను. ఆయన నవ్వలేదు. మా ఆవిడ వైపు తిరిగి, నిద్రలో కాళ్లూ చేతులూ విసురుతారా అన్నాడు. తను నాలుగేళ్ల కిందటే వేరే మంచం వేసుకుంది. నా తన్నులు భరించలేక.

పార్కిన్సన్స్. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు 'వణుకుడు పక్షవాతం' అని రాసిన జబ్బు. మెదడు నడిమి భాగంలో, కదలికలకీ మజాకీ కావాల్సిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతూ ఉంటాయి. చెయ్యి వణికే నాటికే అందులో సగానికి పైగా పోయి ఉండవచ్చట. వాసన పోవడం, మలబద్ధకం, నిద్రలో కలవరించి తన్నడం ఏళ్ల ముందు నుంచే వచ్చిన ఉత్తరాలు. నేను విప్పి చూసుకోలేదు, అంతే.

మందులు మొదలయ్యాయి. మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా, దానికి తోడు డోపమిన్‌లా పనిచేసే రోపినిరోల్. వణుకు మరీ ఇబ్బంది పెడుతుంటే తర్వాత ఇంకో డాక్టరు ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర కలిపారు. చెయ్యి అదుపులోకి వచ్చింది, మళ్లీ పనిలో పడ్డాను. సిగరెట్లు మానేశారా అని అడిగితే ఆస్పత్రిలో "మానేశానండీ" అని చెప్పేవాణ్ణి. మానలేదు.

మానకపోవడానికి నాకో గొప్ప కారణం దొరికింది. దొరకబుచ్చింది మా బావమరిది. ఒకరోజు ఫోన్ చేసి, "బావా, సిగరెట్లు తాగేవాళ్లకి పార్కిన్సన్స్ తక్కువ వస్తుందట తెలుసా?" అన్నాడు. వాడి మాట మీద మామూలుగా నాకు నమ్మకం ఉండదు. కానీ వెతికి చదివితే అది నిజం. 1950ల చివర్లోనే అమెరికాలో మాజీ సైనికుల మరణాల లెక్కలు తీసినప్పుడు ఈ తేడా కనిపించింది. బ్రిటన్‌లో 1951 నుంచి ముప్పై వేలకు పైగా మగ డాక్టర్ల సిగరెట్ అలవాట్లు రాసుకుంటూ, 65 ఏళ్ల పాటు వాళ్ల ఆరోగ్యం గమనించారు. అందులోనూ తాగేవాళ్లలో పార్కిన్సన్స్ ఎప్పుడూ తాగనివాళ్ల కంటే సుమారు 30 శాతం తక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సిగరెట్‌కీ ఉన్న ముడిని రుజువు చేసిన గట్టి సాక్ష్యాల్లో ఒకటి కూడా ఆ డాక్టర్ల లెక్కలే. ఆ పేజీలు నేను గబగబా తిప్పేశాను.

ఆ 30 శాతాన్ని నేను జేబులో లైసెన్సులా పెట్టుకుని తిరిగాను. మా ఆవిడ ముఖం చిట్లించినప్పుడల్లా తీసి చూపించడం. "ఇది నా మెదడుకి మందే. నికోటిన్ డోపమిన్‌ని పెంచుతుంది, పుస్తకాల్లో ఉంది." తను ఒక్కసారే అంది: "మరి మీకెందుకొచ్చిందండీ?" ఆ ప్రశ్నకి అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, డాక్టరు తర్వాత అరగంట సేపు చెప్పిన సంగతంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది.

జబ్బు తెలిసిన నాలుగో ఏడు. ఒక ఇంటికి మెట్లు గీయాలి. అంతస్తు ఎత్తు 3000 మిల్లీమీటర్లు, మెట్టు ఎత్తు 150. అంటే 20 రైజర్లు, మెట్ల నిలువు ముఖాలు. కాలు పెట్టే పలకలు, ట్రెడ్లు మాత్రం 19, ఎందుకంటే చివరి అడుగు పడేది పై అంతస్తు నేల మీద. ఈ 'ఒకటి తక్కువ' సంగతి కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటి వారంలోనే నేర్పేవాణ్ణి. ఆ రోజు పొద్దున పదింటికి కూర్చున్నాను. రైజర్లు లెక్కపెట్టి ప్లానులో ట్రెడ్ల దగ్గరికి వస్తాను. పన్నెండో దాని దగ్గరికి వచ్చేసరికి నేను లెక్కపెడుతున్నది రైజర్లా, ట్రెడ్లా? మళ్లీ మొదటికి. మర్చిపోవడం కాదది. రెండు గిన్నెలు రెండు చేతుల్లో పట్టుకుని నడుస్తుంటే, ఒకదాని వైపు చూడగానే రెండోది ఒలికిపోయినట్టు. ఒంటిగంట దాకా అదే పని. ఆరు సిగరెట్లు కాలిపోయాయి. చివరికి పక్క టేబుల్ కుర్రాడికి ఇచ్చి, కాస్త చూడమన్నాను. వాడు ఐదు నిమిషాల్లో సరిచేసి, ఏమీ అనకుండా నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఏమన్నా అని ఉంటే బాగుండేది.

ఇంట్లో కూడా అంతే. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే, నేను చెప్పాలనుకున్న మాట నోటిదాకా వచ్చేసరికి వాళ్లు రెండు విషయాలు దాటి వెళ్లిపోయేవాళ్లు. "నాన్న ఈమధ్య అసలు మాట్లాడటం లేదేంటి?" అని అమ్మాయి అడిగితే, వయసు అన్నాను. అరవై కూడా నిండలేదు.

ఆ నెలలోనే దుప్పటి అంటుకుంది. మధ్యాహ్నం పడుకుని సిగరెట్ తాగుతూ కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి మా ఆవిడ చెంబెడు నీళ్లు నా మీదే గుమ్మరించింది. దుప్పటి అంచు ఎర్రగా పాకుతూ, నా ముక్కుకి జానెడు దూరంలోకి వచ్చేసింది. వంటింట్లో ఉన్న తనకి తెలిసిన వాసన నాకు తెలియలేదు. ఆ సాయంత్రం తనే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఈసారి లోపలికి నాతోపాటు వచ్చి, నేను నోరు తెరవకముందే "రోజుకి పదిహేను తాగుతున్నారండీ, ఎప్పుడూ మానలేదు" అని చెప్పేసింది.

ఆయన కోప్పడలేదు. ఒక కాగితం, పెన్సిలు ఇచ్చాడు. జ్ఞాపకాన్నీ ఆలోచననీ కొలిచే పరీక్ష, మోకా అంటారట, ముప్పై మార్కులు. ఇరవై ఆరు కంటే తగ్గితే పట్టించుకోవాల్సిందే. మొదట అంకెలూ అక్షరాలూ మార్చి మార్చి కలపాలి. ఒకటి నుంచి 'అ'కి, 'అ' నుంచి రెండుకి, అలాగ. మళ్లీ రెండు గిన్నెలు. మూడో దగ్గరే ఒలికింది. తర్వాత గడియారం గీసి పదకొండూ పది చూపించమన్నాడు. గుండ్రం బాగా వచ్చింది, వృత్తి కదా. అంకెలు ఒకవైపు గుంపుగా పడ్డాయి. ఒక ముల్లు పదకొండు మీద పెట్టాను, రెండోది పది మీద. పది నిమిషాలంటే ముల్లు రెండు మీద ఉండాలని నాకు తెలుసు. తెలిసే 'పది' అన్న మాట చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

తర్వాత ఘనం. ఆరు ముఖాల పెట్టె బొమ్మ, చూసి గీయాలి, అంతే. ముప్పై ఐదేళ్లు ఇళ్లు గీసినవాణ్ణి. వెనక గీతలు ముందు గీతల్లోకి వచ్చేశాయి, ఒక మూల ఎక్కడా కలవకుండా గాల్లో ఉండిపోయింది. చెరిపి గీశాను. ఇంకా పాడైంది. పెన్సిలు టేబుల్ మీద పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. అది మాత్రం నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఇరవై ఒకటి వచ్చింది. అందులో ఒక చిన్న ఊరట కూడా ఆయనే చూపించాడు. ఐదు మాటలు చెప్పి కాసేపయ్యాక అడిగితే నాకు రెండే గుర్తొచ్చాయి. కానీ "అది ఏ జాతిది" అన్నట్టు ఒక్క ఆచూకీ ఇవ్వగానే మిగతా మూడూ వచ్చేశాయి. "సరుకు గోడౌన్లోనే ఉందండీ, తెచ్చే కుర్రాడే నెమ్మది" అన్నాడు. పార్కిన్సన్స్‌లో ఆలోచన తరచూ దెబ్బతినేది ఇలాగేనట. ముందు వేగం, ఒకేసారి రెండు పనులు, ఆకారాల లెక్క పోతాయి. అసలు జ్ఞాపకం కొంతకాలం లోపలే ఉంటుంది.

నేను నా లైసెన్సు తీశాను. ముప్పై శాతం.

ఆయన పూర్తిగా విన్నాడు. "ఆ లెక్క నిజమే. కానీ అది జబ్బు రానివాళ్లలో ఎంతమందికి వస్తుందన్న లెక్క. మీకు వచ్చేసింది. ఇంట్లో దొంగ దూరాక వీధి తలుపు గడియ గురించి మాట్లాడితే ఎలా?" అన్నాడు. పైగా ఆ లెక్కకే ఇంకో అర్థం ఉండొచ్చట. డోపమిన్ తగ్గుతున్న మెదడుకి సిగరెట్టు ఇచ్చే మజా కూడా తగ్గుతుంది, కాబట్టి జబ్బు బయటపడకముందే అలాంటివాళ్లు తేలిగ్గా మానేస్తూ ఉండొచ్చు. అప్పుడు లెక్కలో 'తాగేవాళ్లకి జబ్బు తక్కువ' అని తేలుతుంది. కాపాడింది సిగరెట్టని చెప్పలేం. "మరి నాకెందుకు మానడం తేలిగ్గా రాలేదండీ?" అన్నాను. "మీరు కూడా ఆ లెక్కలు చదవకపోతే వచ్చేదేమో" అన్నాడు. మా ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది.

నికోటిన్ సంగతి కూడా తేల్చేశాడు. జర్మనీలో, అమెరికాలో 162 మంది కొత్త రోగులకి ఏడాది పాటు కొందరికి నికోటిన్ ప్యాచ్, కొందరికి ఉత్త ప్యాచ్ అంటించి చూశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. నికోటిన్ జబ్బుని నెమ్మది చేయలేదు. ఆ ప్యాచ్ వేసుకున్నవాళ్లు కాస్త వెనకే పడ్డారు. ఇక ఆలోచన విషయానికొస్తే, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో పొగతాగేవాళ్ల బుర్ర త్వరగా మందగిస్తుందని కొన్ని అధ్యయనాలు చెప్తున్నాయి. అన్నీ ఒకే మాట చెప్పవని కూడా ఆయన దాచలేదు. కానీ పొగ మెదడులోని సన్నటి రక్తనాళాలని పాడుచేస్తుందన్న దాంట్లో ఎవరికీ సందేహం లేదు. "కణాలు పోవడం నేను ఆపలేను. ఉన్న కణాలకి రక్తం అందకుండా చేసేది మాత్రం మీ చేతిలో ఉంది. చేతిలో అంటే నిజంగా చేతిలోనే" అని నా కుడిచేతి వేళ్ల మధ్య పసుపు మరకని చూపించాడు.

ఇంకో దోషి కూడా దొరికింది. వణుకు కోసం వేసుకుంటున్న ట్రైహెక్సీఫెనిడిల్. వయసు మీదపడ్డవాళ్లలో అది జ్ఞాపకాన్నీ ఆలోచననీ మసకబారుస్తుందట. హఠాత్తుగా ఆపకూడదు కాబట్టి రెండు నెలల్లో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ తీసేద్దామన్నాడు. సిగరెట్లకి అలాంటి గడువేమీ ఇవ్వలేదు.

మొదటి మూడు వారాల గురించి తియ్యగా చెప్పలేను. మానేస్తే బుర్ర తేటపడుతుందన్నారు కదా, నాకు ముందు ఇంకా మసకేసింది. పేపర్లో ఒక పేరా చదివి మళ్లీ అదే చదివేవాణ్ణి. అందరి మీదా విసుగు. మానడానికి సాయంగా ప్యాచ్ వాడమన్నారు. ప్యాచ్ అని వినగానే మా బావమరిది "చూశావా, నికోటినే ఇచ్చారు" అని సంబరపడ్డాడు. అది జబ్బుకి కాదురా, అలవాటుకి అని చెప్తే వాడికి ఎక్కలేదు.

ఒక సంగతి మాత్రం ఎవరూ చెప్పకుండా నాకే దొరికింది. డాక్టరు ఒక నోట్‌బుక్కు పెట్టి, మాత్ర వేసుకున్న టైమూ, సిగరెట్ మీదికి మనసు పోయిన టైమూ రాయమన్నాడు. వారం రాశాక రెండు వరసలూ పక్కపక్కన గీసి చూశాను, అలవాటు చొప్పున స్కేలు పెట్టి. మనసు లాగిన టైములు దాదాపు అన్నీ తర్వాతి మాత్రకి అరగంటో ముప్పావుగంటో ముందు! అంటే లెవోడోపా పని అయిపోయి ఒళ్లు బిగుసుకునే సమయం. ఆ సమయంలో నాకు గాభరా, చెమట, కాలు ఒకచోట నిలవకపోవడం. సిగరెట్ లేకపోతే వచ్చే తిప్పలు కూడా అచ్చం అవే. ఇన్నేళ్లూ మాత్ర దిగిపోవడాన్ని సిగరెట్ ఆకలి అనుకుని వెలిగించుకున్నాను. అది చూపిస్తే డాక్టరు మాత్రల మధ్య ఐదు గంటల ఎడాన్ని నాలుగు చేశాడు. సగం లాగుడు ఆ వారంలోనే పోయింది.

మిగతా సగం మామూలు అలవాటు. దానికి మందు ఐదు నిమిషాలు నిలబడి చూడటమే. బోర్డు ముందు చేసినట్టే, అగ్గిపుల్ల లేకుండా. రెండుసార్లు తప్పాను. ఒకసారి పెళ్లిలో, ఒకసారి ఉత్తినే.

పొగ ఆపిన రెండో వారంలో ఇంకో వింత. పగలంతా తూగు, కూర్చున్నచోటే నిద్ర. ఒక సాయంత్రం బీరువా పక్కన పిల్లి కూర్చుని ఉన్నట్టు కనిపించింది. మా ఇంట్లో పిల్లి లేదు. భయపడి ఫోన్ చేస్తే, రోపినిరోల్ తగ్గించారు. సిగరెట్ పొగ కాలేయంలో ఒక ఎంజైముని రెచ్చగొట్టి ఈ మందుని త్వరగా ఖర్చు చేయిస్తుందట. పొగ ఆగిపోగానే అదే మాత్ర ఒంట్లో ఎక్కువగా నిలిచింది. కాఫీకి కూడా ఇదే లెక్క. రోజూ తాగే రెండు కప్పులే అయినా గుండె దడదడలాడింది, ఒకటి తగ్గించుకున్నాను. మొదటి నుంచీ డాక్టరుకి నిజం చెప్పి ఉంటే ఈ పిల్లి దర్శనం తప్పేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. పైకి ఒప్పుకోను గానీ, మానేశానని చెప్పుకుంటూ రోజుకి పదిహేను తాగినన్నాళ్లూ ఆయన లెక్కలు వేసింది లేని మనిషికి.

ఆరు నెలల తర్వాత మళ్లీ మోకా, వేరే ప్రశ్నలతో. ఇరవై ఐదు. నాలుగు మార్కులు దేనివల్ల పెరిగాయో నేను చెప్పలేను. సిగరెట్లు మానడమా, వణుకు కోసం వేసుకున్న ఆ మాత్ర తీసేయడమా, మాత్రల టైము సర్దుకోవడమా, పొద్దున్నే నలభై నిమిషాలు నడవడమా. అన్నీ ఒకేసారి చేశాను. డాక్టరు కూడా విడదీసి చెప్పలేనన్నాడు, ఎక్కువ వాటా ఆ మాత్రదే కావచ్చన్నాడు. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది. అంత కష్టపడి మానింది సిగరెట్టు కదా, పేరు దానికి రావాలని.

ముక్కు తిరిగి రాలేదు. కుడిచెయ్యి వణుకు ఆ మాత్ర తీసేశాక కాస్త పెరిగింది. నలుగురిలో మాట ఇప్పటికీ ఆలస్యమే, కాకపోతే అమ్మాయి నా వైపు తిరిగి ఆగుతుంది. ఘనం రెండోసారి కూడా సరిగ్గా రాలేదు. మెట్లు మాత్రం గీస్తున్నాను. రైజర్లు ఒక కాగితం మీద, ట్రెడ్లు ఇంకో కాగితం మీద విడివిడిగా రాసుకుని, ఒక గిన్నె కింద పెట్టాకే రెండోది ఎత్తుతున్నాను. టైము రెట్టింపు పడుతుంది.

మొన్న మళ్లీ బావమరిది ఫోన్. "బావా, కాఫీ తాగేవాళ్లకి పార్కిన్సన్స్ తక్కువట, ఈసారి పక్కా."

"అదీ నిజమేరా. అది రానివాళ్ల లెక్క. నువ్వు తాగు" అన్నాను. వాడింకా ఏదో చెప్పబోతుంటే గడియారం చూశాను. పదకొండూ పది, పెద్దముల్లు రెండు మీదే ఉంది. మాత్ర టైమైంది, పెట్టేశాను.